కాకినాడ తీరంలో చలికాలపు గల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ ఫిషింగ్ హార్బర్, ఉప్పాడ బీచ్ రోడ్డు, కోరంగి మడ అడవుల అంచున ఉండే బురద మైదానాలు. ఈ మూడు చోట్ల చలికాలంలో గల్స్ (తీరానికి వలస వచ్చే తెలుపు, బూడిద రంగు నీటిపక్షులు) చూడాలనుకునేవారికి ఎక్కువగా వచ్చే సందేహాలు, వాటి జవాబులు ఇవి. పక్షుల పేర్లను బర్డ్‌వాచర్లు మాట్లాడుకునే తీరులోనే రాశాం.

గల్స్ ఇక్కడికి ఎప్పుడు వస్తాయి?

అక్టోబరులో మొదటి గుంపులు దిగుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నిండుగా ఉంటాయి. మార్చిలో తలలు ముదురు రంగుకు తిరుగుతూ ఉండగానే బయలుదేరడం మొదలుపెట్టి, ఏప్రిల్ నడిమికల్లా దాదాపు ఖాళీ అయిపోతాయి. భారీ జాతి అయిన పల్లాస్ గల్ మాత్రం కాస్త ఆలస్యంగా, నవంబరు నుంచి కనిపిస్తుంది. ఎండాకాలంలో ఒకటో రెండో మిగిలిపోతే అవి సాధారణంగా ఏడాది వయసు పిల్లలు. ఇంకా గుడ్లు పెట్టే ఈడు రాలేదు కాబట్టి వాటికి తిరిగి వెళ్లే తొందర ఉండదు.

నేర్చుకోవడానికి జనవరి మంచి నెల. చిన్న జాతి గల్స్ (బ్రౌన్‌హెడెడ్, బ్లాక్‌హెడెడ్) ఈకలు మార్చుకోవడం అప్పటికి పూర్తయి, రెక్కల గుర్తులు శుభ్రంగా ఉంటాయి.

ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చినవేనా?

కాదు. ఏ వలస పక్షి కనబడినా "సైబీరియా పక్షి" అనేయడం మనకు అలవాటైపోయింది. ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనబడే బ్రౌన్‌హెడెడ్ గల్ టిబెట్ పీఠభూమి మీదా, మధ్య ఆసియా ఎత్తయిన సరస్సుల దగ్గరా గూళ్లు కడుతుంది. లడఖ్‌లోని సో మోరిరి సరస్సు దగ్గర కూడా పిల్లల్ని పెంచుతుంది. అంటే మన హార్బర్‌లో చేప ముక్క కోసం కొట్లాడే పక్షి హిమాలయాల అవతలి చల్లటి సరస్సు ఒడ్డున పుట్టి ఉండొచ్చు. పల్లాస్ గల్ కాస్పియన్ సముద్ర తీరం, కజకిస్తాన్, మంగోలియా వైపు నుంచి వస్తుంది. హ్యూగ్లిన్స్ గల్ ఒక్కటే నిజంగా రష్యా ఉత్తర తీరపు టండ్రా పక్షి.

బ్రౌన్‌హెడెడ్‌కు శాస్త్రీయ నామం పెట్టి 1840లో వర్ణించిన టి. సి. జెర్డాన్ ఆ తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఈ పక్షికి మన తీరంతో ఆ బంధం కూడా ఉంది.

ఎక్కడ నిలబడితే బాగా కనబడతాయి?

నేర్చుకునేవారు హార్బర్‌తోనే మొదలుపెట్టాలి. పడవలు వచ్చి చేపలు వేరుచేసే చోట గల్స్ పది, పదిహేను మీటర్ల దూరానికి వస్తాయి. కంటి రంగు, ముక్కు మందం, రెక్క కొన అన్నీ అక్కడే సరిగ్గా అందుతాయి. బోట్లు ఎన్నింటికి వస్తాయో ముందురోజే అక్కడి మత్స్యకారులను అడిగి తెలుసుకోండి. తుపాను హెచ్చరిక ఉండి బోట్లు వేటకు వెళ్లని రోజుల్లో హార్బర్‌లో గల్స్ పలుచబడతాయి. తిండి లేని చోట అవి కాచుకుని ఉండవు. అలాంటి రోజున బురద మైదానాల వైపు వెళ్లడం నయం.

ఉప్పాడ రోడ్డు మీద కెరటాల కోతకు అడ్డంగా రాళ్లు వేసిన చోట్ల, చిన్న పడవలు ఇసుక మీదికి లాగే చోట్ల గల్స్ ఆగుతాయి. ఎగిరే పక్షిని చూడటం నేర్చుకోవడానికి ఈ రోడ్డు చాలా మంచిది. ఒడ్డు వెంబడి ఒకదాని వెనక ఒకటి వెళ్తూ ఉంటాయి కాబట్టి ఒకే గుర్తును ఇరవైసార్లు చూసే వీలుంటుంది.

పెద్ద గుంపులు సేదతీరేది మాత్రం కాకినాడ అఖాతంలోని ఇసుక దిబ్బల మీద, హోప్ ఐలాండ్ వైపు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దాదాపు 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బ అది. ఆ ప్రాంతం 1978లో ఏర్పాటైన కోరంగి అభయారణ్యం కిందికి వస్తుంది. పడవ మాట్లాడుకునే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి చూసుకోండి. జనవరి నుంచి మార్చి వరకు అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి ఇసుక మీద ఇష్టం వచ్చినట్టు తిరగకూడదు.

పొద్దున్నే వెళ్లాలా, సాయంత్రమా?

పక్షులు చూడాలంటే తెల్లవారే వెళ్లాలన్నది సాధారణ సూత్రం. మన తీరంలో అది సగమే పనిచేస్తుంది. సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉప్పాడలో పొద్దున్నే సముద్రం వైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పక్షులన్నీ నల్లటి నీడల్లా కనబడతాయి. బూడిద రంగు ఎంత ముదురో చెప్పలేరు, రెక్క కొనలో తెల్ల చుక్కలు అసలే కనబడవు. అందుకని పొద్దున హార్బర్‌లో, పక్షులు మీకు పడమటి వైపు ఉండేలా నిలబడండి. ఉప్పాడకు మధ్యాహ్నం మూడున్నర తర్వాత వెళ్లండి. జనవరిలో దాదాపు 5:45కి పొద్దు గుంకుతుంది. అంటే మంచి వెలుగు రెండు గంటలు దొరుకుతుంది.

పొద్దున తొమ్మిది దాటితే బురద మీద, ఇసుక మీద వేడి ఆవిరి లేస్తుంది. స్కోప్‌లో (పక్షులు చూసే టెలిస్కోప్‌లో) బొమ్మ నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. అప్పుడు జూమ్ పెంచితే వణుకే పెరుగుతుంది తప్ప వివరం పెరగదు. 20 రెట్లకు తగ్గించి, దగ్గరి పక్షులనే చూడండి.

ఆటుపోట్లు చూసుకోవాలా?

బురద మైదానాలకైతే తప్పనిసరి. నీరు పూర్తిగా తీసినప్పుడు గల్స్ కిలోమీటర్ల మేర చెదిరిపోతాయి. పోటు ఎక్కుతుంటే అన్నీ మిగిలిన ఇసుక తిన్నెల మీదికి చేరి గుంపు కడతాయి. పోటు నిండటానికి రెండు గంటల ముందు చేరుకుని నిండిన తర్వాత ఒక గంట ఉండండి. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ ఆదివారం కుదిరిన సమయం వచ్చే ఆదివారం కుదరదు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, గుంపులు మరీ దగ్గరగా కూడతాయి.

ఒక జాగ్రత్త. నీరు ఎప్పుడూ ఎదురు నుంచే రాదు. మీ వెనకున్న కాలువలు ముందే నిండి దారి మూసేస్తాయి. మోకాలి లోతు దిగబడే బురదలోకి ఒక్కరూ దిగవద్దు.

ఏం సామాను కావాలి?

8×42 బైనాక్యులర్ చాలు. హార్బర్‌కు స్కోప్ అక్కర్లేదు. దిబ్బల మీది గుంపులకు 20–60 రెట్ల స్కోప్, గాలికి కదలని ట్రైపాడ్ ఉండాలి. ఇంటికి రాగానే అద్దాలను పొడి గుడ్డతో తుడవద్దు. ఉప్పు పలుకులు అద్దం మీది పూతను గీసేస్తాయి. ముందు మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో ఉప్పు తీసేసి, ఆ తర్వాతే ఆరబెట్టాలి.

ఇది గల్లా, టెర్నా?

టెర్న్ గల్‌ను పోలిన మరో తీరపు పక్షి. సన్నగా, కోసుగా ఉంటుంది. ముక్కు సూటిగా ఉండి, నీటికేసి చూస్తూ ఎగిరి తలకిందులుగా దూకుతుంది. నీటి మీద తేలుతూ కూర్చోవడం అరుదు. గల్ హాయిగా ఈదుతుంది, ఒడ్డున నడుస్తుంది, నీటి పైపైన ఉన్నది ఏరుకుంటుంది. తోక గుండ్రంగా లేదా సమంగా ఉంటుంది, చీలి ఉండదు.

ఇబ్బంది పెట్టేది గల్‌బిల్డ్ టెర్న్. చలికాలంలో దాని తల తెల్లగా మారి కంటి వెనక నల్ల మచ్చ మిగులుతుంది. సరిగ్గా చిన్న గల్‌లాగే కనబడుతుంది. ముక్కు, కాళ్లు చూడండి: రెండూ నలుపే. మన చిన్న గల్స్‌లో ఎదిగినవాటికి అవి ఎరుపు, పిల్లలకు నారింజ రంగు ఛాయలో ఉంటాయి. ఎర్రటి పెద్ద ముక్కుతో, నల్ల నెత్తితో కనబడేది కాస్పియన్ టెర్న్. దాన్ని దూరం నుంచి పల్లాస్ గల్ అనుకునేవారు ఉన్నారు.

కొత్త పక్షి కనబడగానే మొదట దేన్ని చూడాలి?

ముందు పరిమాణం, తర్వాత వయసు, ఆపైన రెక్క కొన. రంగు చివరికి. ఈ వరుస తప్పితేనే తొంభై పాళ్లు పొరపాట్లు జరుగుతాయి.

పరిమాణానికి పక్కనున్న కాకి చాలు. ఊరకాకి దాదాపు 40 సెంటీమీటర్లు. బ్రౌన్‌హెడెడ్, బ్లాక్‌హెడెడ్ అటుఇటుగా అంతే ఉంటాయి. కాకి కన్నా స్పష్టంగా పెద్దది, గద్దంత ఉందంటే అది పల్లాసో, హ్యూగ్లిన్స్ వర్గమో (హ్యూగ్లిన్స్, స్టెప్ గల్స్). ఒంటరిగా నీటి మీద ఉన్న పక్షి పరిమాణాన్ని మాత్రం ఊహించొద్దు. పక్కన పోల్చుకోవడానికి ఏదీ లేకపోతే కన్ను మోసం చేస్తుంది.

బ్రౌన్‌హెడెడ్‌నూ బ్లాక్‌హెడెడ్‌నూ ఎలా వేరు చేయాలి? చలికాలంలో రెండిటికీ తెల్ల తలే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. పేర్లు ఇక్కడ ఏమాత్రం సాయపడవు. చలికాలంలో రెండింటి తలా తెల్లగా ఉండి, కంటి వెనక ఒక నల్ల మచ్చ ఉంటుంది. వేసవి తల వచ్చాక కూడా రెండూ గోధుమ రంగే. బ్లాక్‌హెడెడ్ తల ముదురు చాక్లెట్ రంగు. బ్రౌన్‌హెడెడ్ తల లేత గోధుమ, వెనక అంచున మాత్రం ముదురు గీత.

నమ్మదగ్గ గుర్తు రెక్క కొన. ఎగిరేదాకా ఆగండి. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్ రెక్క కొన విస్తారంగా నల్లగా ఉండి, ఆ నలుపులో చివరి రెండు ఈకల మీద రెండు తెల్ల చుక్కలు మెరుస్తాయి. వీటిని మిర్రర్ అంటారు. నలుపుకు లోపలి వైపు ఒక తెల్ల పట్టీ ఉంటుంది. బ్లాక్‌హెడెడ్‌కు ఇది తలకిందులు: రెక్క ముందంచు మొత్తం పొడవాటి తెల్ల త్రికోణంలా ఉంటుంది, నలుపు కేవలం కొనల చివర సన్నటి అంచుగా మిగులుతుంది. కింది నుంచి చూస్తే బ్లాక్‌హెడెడ్ రెక్క బయటి ఈకలు తెల్లగా, వాటి పక్కవి మసిపూసినట్టు ముదురుగా ఉంటాయి. బ్రౌన్‌హెడెడ్‌కు కింది నుంచి కూడా నల్ల కొన, అందులో చుక్కలు కనబడతాయి. తల పైనుంచి వెళ్లిపోయే పక్షికి ఇదే ఆధారం.

కూర్చుని ఉంటే? కన్ను చూడండి. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్ కనుపాప చుట్టూ లేత రంగు, దాంతో చూపు తీక్షణంగా ఉంటుంది. బ్లాక్‌హెడెడ్ కన్ను నల్లగా, సౌమ్యంగా ఉంటుంది. బ్రౌన్‌హెడెడ్ ఒళ్లు కాస్త బొద్దు, ముక్కు మందం. అయితే మొదటి చలికాలపు బ్రౌన్‌హెడెడ్ పిల్లకు కన్ను ముదురుగానే ఉంటుంది, రెక్క కొనలో మిర్రర్లు ఉండవు. కంటినే నమ్ముకున్నవారు ఈ పిల్లల్ని బ్లాక్‌హెడెడ్ అని రాసేస్తుంటారు. పిల్ల అయినా సరే బ్రౌన్‌హెడెడ్ రెక్క కొన నలుపు వెడల్పుగానే ఉంటుంది, ముందంచు పొడవునా తెల్ల త్రికోణం రాదు. మన తీరంలో బ్రౌన్‌హెడెడే ఎక్కువ. గుంపులో బ్లాక్‌హెడెడ్‌లే ఎక్కువ ఉన్నాయని మీ లెక్క చెబితే రెక్క కొనలు మళ్లీ చూడండి.

వయసు ఎలా తెలుస్తుంది?

చిన్న గల్స్‌కు సులువు. తోక చివర నల్ల పట్టీ, రెక్క మీద గోధుమ మరకలు ఉంటే మొదటి చలికాలపు పిల్ల. తోక అచ్చమైన తెలుపు, వీపు సాదా బూడిద రంగు ఉంటే ఎదిగినది. పల్లాస్, హ్యూగ్లిన్స్ లాంటి పెద్ద జాతులు నిండు రూపానికి రావడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది. మధ్య దశల్లో సగం గోధుమ, సగం బూడిద రంగు కలిసి రకరకాలుగా ఉంటాయి.

పల్లాస్ గల్‌ను చూడగానే పోల్చగలమా?

ఎదిగినదాన్నయితే పోల్చవచ్చు. 60 నుంచి 70 సెంటీమీటర్ల భారీ పక్షి. నుదురు వాలుగా, ముక్కు పొడవుగా బరువుగా ఉంటుంది. ముక్కు పసుపు, దాని మీద నల్ల పట్టీ, కొస ఎరుపు. కంటికి పైనా కిందా రెండు తెల్ల నెలవంకలు. చలికాలపు తలకు కంటి వెనక మసి మరక ఉంటుంది. ఫిబ్రవరికే కొన్నిటికి తల నిండా నలుపు వచ్చేస్తుంది, మన ఒడ్డున ఉండగానే ఆ వేషం చూడొచ్చు. ఎగిరినప్పుడు రెక్క కొన చాలామేర తెలుపే, అందులో సన్నటి నల్ల చాపం. హ్యూగ్లిన్స్ రెక్క కొన దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది నల్లటిది. ఈ ఒక్క తేడాతోనే అర కిలోమీటరు దూరం నుంచి తేల్చవచ్చు.

పిల్లల విషయంలో తోక చూడండి. పల్లాస్ పిల్లకు తెల్ల తోక మీద కత్తిరించి అతికించినట్టు స్పష్టమైన నల్ల పట్టీ ఉంటుంది. వీపు మీద బూడిద ఈకలు త్వరగా వచ్చేస్తాయి, ముక్కు మొదలు లేతగా, కొస నల్లగా ఉంటుంది. అదే ఈడు హ్యూగ్లిన్స్ వీపు గోధుమ గళ్లతో, ముక్కు దాదాపు మొత్తం నల్లగా ఉంటుంది.

హ్యూగ్లిన్స్, స్టెప్ గల్స్‌ను విడదీయగలమా?

ప్రతిసారీ కాదు. ఆ సంగతి ఒప్పుకోవడమే మంచి పరిశీలన. రెండూ లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ గల్‌లోని ఉపజాతులుగా ఈబర్డ్ (పక్షుల పరిశీలనలు నమోదు చేసే వెబ్‌సైట్) లెక్కిస్తుంది. హ్యూగ్లిన్స్ వీపు ముదురు బూడిద, స్టెప్‌ది కాస్త లేత. కానీ ఎండ, మబ్బు, పక్షి నిలబడిన కోణం ఈ తేడాను మింగేస్తాయి. ఒకే వెలుగులో, ఒకే దిక్కుకు తిరిగి, పక్కపక్కన నిలబడితేనే పోల్చండి.

మరో ఆధారం ఈకలు మార్చుకునే సమయం. హ్యూగ్లిన్స్ దూరపు టండ్రా నుంచి వస్తుంది, రెక్క ఈకలు మార్చుకోవడం ఆలస్యంగా ముగిస్తుంది. డిసెంబరు, జనవరిలో కూడా బయటి ఈకలు సగం పెరిగి ఉంటాయి. స్టెప్‌కు ఆ పని ముందే అయిపోతుంది. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చివరి ఈక ఇంకా రాలేదంటే దాని మీద ఉండాల్సిన మిర్రర్ కూడా రాలేదన్నమాట. "ఒకటే చుక్క ఉంది" అని రాసుకునే ముందు ఈకలన్నీ ఉన్నాయో లేదో చూడండి.

తేలకపోతే లెస్సర్ బ్లాక్‌బ్యాక్డ్ అని జాతి వరకే రాయండి. అదీ తేలకపోతే గల్ అని మాత్రమే నమోదు చేసే వీలు ఈబర్డ్‌లో ఉంది. తప్పు పేరు కన్నా అసంపూర్తి పేరు ఎన్నో రెట్లు విలువైనది.

స్లెండర్‌బిల్డ్ గల్ ఇక్కడ కనబడుతుందా?

దానికి పేరున్నది పడమటి తీరం, ముఖ్యంగా గుజరాత్. ఇక్కడ అనుమానం వస్తే ఫొటో తీసి పెట్టుకోండి. మెడ సాగినట్టు, ముక్కు పొడవుగా, చెవి మచ్చ లేనట్టే ఉండాలి. రెక్క మాత్రం బ్లాక్‌హెడెడ్‌ను పోలి ఉంటుంది.

ఫొటోలు తెల్లగా కాలిపోతున్నాయి. ఏం చేయాలి?

ముదురు నీటి మీద తెల్ల పక్షి ఉంటే కెమెరా నీటిని చూసి వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. వెలుగైన ఆకాశం మీద ఎగిరే పక్షికి దీనికి ఎదురు, ప్లస్ వైపు జరపాలి. ఎగిరే పక్షికి షట్టర్ 1/2000 సెకను ఉంటే రెక్క కొన స్తంభించినట్టు వస్తుంది. గుర్తింపుకు కావలసింది అందమైన ఫొటో కాదు. రెక్క విప్పినప్పుడు పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, తోక కనబడేలా ఒకటి చాలు. బూడిద రంగు ముదురుతనాన్ని ఫొటోలో నమ్మొద్దు. పోర్టు, నౌకాదళ స్థలాల దగ్గర ఫొటోలపై ఆంక్షలుంటాయి, బోర్డులు గమనించండి.

గుంపును ఎలా లెక్కపెట్టాలి?

పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకోండి. ఆ కొలతతో గుంపు మొత్తాన్ని దాటుకుంటూ వెళ్లండి. వేలల్లో ఉంటే వందల కొలత వాడండి. జాతుల పాళ్ల కోసం గుంపులో మూడు వేర్వేరు చోట్ల యాభై చొప్పున చూసి విడదీయాలి. ఒక్క అంచునే చూస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పెద్ద గల్స్ తరచుగా ఒక పక్కకు చేరి నిలబడతాయి. రెండుసార్లు లెక్కించి రెండు అంకెలూ రాసుకోండి.

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. మీ లెక్కలు ఆ రోజుల్లోవైతే దానికి పనికొస్తాయి.

పక్షి కాలికి రింగు కనబడింది. ఏం చేయాలి?

ఏ కాలికి, మోకీలుకు పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు, ఏ అంకెలు అన్నవి వెంటనే రాసుకోండి. మసక ఫొటో అయినా తీయండి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వేసే లోహపు రింగు మీద బొంబాయికి తెలియజేయమని ఇంగ్లీషులో ఉంటుంది. గల్స్ మధ్య నిలబడే ఇండియన్ స్కిమ్మర్ల కాళ్లు కూడా చూడండి. నల్ల వీపు, నారింజ ముక్కుతో, కింది దవడ పొడవుగా ఉండే పక్షి అది. ఒడిశాలో మహానది దగ్గర రంగు రింగులు వేసిన స్కిమ్మర్లు కాకినాడలో కనబడ్డాయి.

గల్స్‌కు తిండి వేయొచ్చా? ఎంత దగ్గరికి వెళ్లొచ్చు?

చిప్స్, బొరుగులు వేయకండి. ఉప్పూ నూనే వాటికి మంచివి కావు. హార్బర్‌లో అవి మనుషులకు అలవాటుపడ్డాయి, దిబ్బల మీద కాదు. అక్కడ తలలన్నీ ఒక్కసారి లేచి, మీ వైపు తిరిగాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశారు. ఆగండి, నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేయండి. పోటు వేళ గుంపును లేపితే వాటికి వాలేందుకు వేరే పొడి జాగా ఉండదు. నీరు తీసేదాకా గాలిలోనే శక్తి ఖర్చు చేసుకోవాలి. ఫొటో కోసం గుంపు మీదికి పరుగెత్తడం, పడవను నేరుగా తోలడం దయచేసి ఎవరూ చేయొద్దు.

ఒడ్డున చనిపోయిన గల్ కనబడితే?

ముట్టుకోవద్దు, కుక్కల్ని దగ్గరికి రానీయొద్దు. ఫొటో తీసి, చోటు, సమయం రాసుకోండి. ఒక్కటి ఉంటే చేపల వలలో చిక్కుకున్నదో ఏమో కాళ్లూ రెక్కలూ దూరం నుంచి గమనించండి. ఒకేచోట చాలా ఉంటే, లేదా బతికున్నవి మెడ వాల్చి తూలుతుంటే వెంటనే పశుసంవర్ధక శాఖకూ అటవీ శాఖకూ చెప్పాలి. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ వేల పక్షులను చంపింది, వాటిలో మన తీరానికి వచ్చే బ్రౌన్‌హెడెడ్, పల్లాస్ జాతులు రెండూ ఉన్నాయి. వలలో చిక్కి బతికున్న పక్షి ఉంటే దాని తల మీద పల్చటి గుడ్డ కప్పండి, శాంతిస్తుంది. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకుని, దారాన్ని లాగకుండా కత్తెరతో కత్తిరించాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. పెద్ద గల్ ముక్కు గట్టిగా కోస్తుంది, మొహానికి దూరంగా పట్టుకోండి.